పెద్దల వెనక నిలబడే పిల్లలు: ఐర్లండు హాకీ మైదానం నుంచి కొన్ని మాటలు

(సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)

 

కూచిపూడికీ పద్యపఠనానికీ నడుమ హాకీ గురించి మాట్లాడతామంటే కార్యక్రమం వేసినవారు కాస్త తటపటాయించారు. సంస్కృతికీ హాకీకీ ఏమిటండీ సంబంధం అన్నారు. మేము వాదించలేదు. శనివారం పొద్దున డబ్లిన్‌లో మన తెలుగువాళ్ళ కార్ల డిక్కీలు తెరిచి చూడండి, గజ్జెల సంచీ పక్కనే హాకీ స్టిక్కు ఉంటుంది, అని మాత్రం చెప్పాము. ఒప్పుకున్నారు. పదిహేను నిమిషాలు ఇచ్చారు.

"మేము" అంటే ఎవరో ముందే చెప్పడం మర్యాద. కొన్నేళ్ళుగా పిల్లల్ని మైదానాలకు తీసుకువెళ్ళి, గంటన్నర వానలో నిలబడి, తడిసిన పిల్లల్ని తడిసిన కార్లో ఇంటికి తెచ్చే కొద్దిమంది తల్లిదండ్రులం. మాలో స్టిక్కు పట్టి ఆడినవారు ఎవరూ లేరు. మా తరానికి హాకీ అంటే హైదరాబాదు ముకేశ్ కుమార్. 1992 నుంచి 2000 దాకా మూడు ఒలింపిక్స్ ఆడిన మనిషి. ఆయన పేరు పత్రికలో చదవడమే మా హాకీ పరిజ్ఞానం. మిగిలినదంతా ఇక్కడ పిల్లల వెంట తిరిగి నేర్చుకున్నదే. చదివేది ఒకరైనా ఈ మాటలు అందరం కలిసి రాసుకున్నవి.

అసలు విషయానికి వస్తాము. ఏటా సెప్టెంబరులో, క్లబ్బులు టీములు ప్రకటించే రోజుల్లో, కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "మా అమ్మాయిని మూడో టీములో వేశారండీ. అందులో అందరూ నలభై ఏళ్ళవాళ్ళట. మా అమ్మాయి వాళ్ళకంటే వేగంగా పరుగెత్తుతుంది. మనవాళ్ళని చిన్నచూపు చూస్తున్నారా?" అడిగే గొంతులో బాధ ఉంటుంది. ర్యాంకులు, సీట్లు అంటూ పెరిగినవాళ్ళం. మూడు అనే అంకె మనకు రుచించదు. అందుకని ఈ మూడో టీము అనేది ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి.

ఈ దేశంలో హాకీ పాతది. ఐర్లండు మహిళల హాకీ సంఘం 1894లో ఏర్పడింది. స్త్రీల హాకీకి ప్రపంచంలో అదే మొదటి జాతీయ సంఘం. 1896లో డబ్లిన్‌లో స్త్రీల తొలి అంతర్జాతీయ పోటీ జరిగితే ఐర్లండు ఇంగ్లండును 2-0తో ఓడించింది. అంత పాత ఆట కాబట్టి క్లబ్బులు కూడా ఊరి గుడిలాగా తరాలు చూసినవి. ఒక్కొక్క క్లబ్బులో మొదటి టీము, రెండో టీము, మూడో టీము, నాలుగో టీము, ఇలా ఉంటాయి. మొదటి టీము జాతీయ లీగులోనో రాష్ట్ర లీగులోనో ఆడుతుంది. కింది టీములకు వేరే విభాగాలు. ఆ కింది టీముల్లోనే అసలు వింత ఉంది. పదిహేనేళ్ళ బడిపిల్ల ఒక పక్క, ఇరవై ఏళ్ళ కిందట అదే క్లబ్బు మొదటి టీములో ఆడి, పెళ్ళయి, పిల్లల్ని కని, మోకాళ్ళు అరిగి, అయినా ఆట మానలేని మనిషి ఇంకొక పక్క. ఇద్దరికీ ఒకే రంగు చొక్కా.

మా పిల్లల్లో ఒకతె సంగతి చెబుతాము. మొదటి నెలంతా ఇంటికి వచ్చి ఒకటే ఫిర్యాదు. బ్యాక్‌లో ఆడే ఆవిడ అసలు కదలదట, పరుగంతా తనే పెట్టాలట. మేమూ గట్టున నిలబడి చూశాము. నిజమే, ఆవిడ కదలదు. కాని బంతి ఆవిడ దగ్గరికే వస్తుంది! రెండో నెలలో మాకు అర్థమైంది. బంతి ఎక్కడ ఉందో అక్కడికి కాదు, ఎక్కడికి రాబోతుందో అక్కడికి ఆవిడ రెండడుగులు ముందే వేసి ఉంటుంది. మూడో నెలలో పిల్లకూ అర్థమైంది. అంతవరకు బంతి అందుకున్న తరువాత తల ఎత్తి చూసేది. ఇప్పుడు బంతి రాకముందే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. ఆ ఒక్క చూపు ఏ శిక్షణ శిబిరంలోనూ పట్టుబడలేదు. పక్కన నిలబడిన మనిషి అరవై నిమిషాలు అరుస్తూ ఉంటే పట్టుబడింది. ఇచ్చిపుచ్చుకోవడం కూడా న్యాయంగానే ఉంది. కాళ్ళు పిల్లవి, కళ్ళు పెద్దావిడవి.

ఇది మనకు తెలియని పద్ధతేమీ కాదు. కచేరీలో గురువుగారి వెనక తంబురా పట్టుకుని శిష్యుడు కూర్చుంటాడు. ఏళ్ళ తరబడి శ్రుతి మీటుతాడు. ఒకరోజు కల్పనస్వరాల దగ్గర గురువుగారు సగం వెనక్కి తిరిగి, కానీ అన్నట్టు తల ఊపుతారు. శిష్యుడు ఒక్క ఆవర్తం పాడతాడు. తప్పితే గురువుగారు అందుకుంటారు. సభ గమనించనే గమనించదు. ఆ తల ఊపడం ఉంది చూశారా, ఈ ప్రసంగమంతా దాని గురించే. అది లేకపోతే శిష్యుడు జీవితమంతా తంబురా మీటేవాడుగానే మిగిలిపోతాడు.

హాకీలో ఆ తల ఊపడానికి నియమాలే వీలు కల్పించాయి. ఫుట్‌బాలులో ఒకసారి బయటికి పంపిన ఆటగాడు పోటీల్లో మళ్ళీ లోపలికి రాడు. హాకీలో అలా కాదు. ఆట ఆపకుండానే ఎవరినైనా బయటికి పిలవవచ్చు, మరొకరిని పంపవచ్చు, ఎన్నిసార్లయినా. అంతర్జాతీయ పోటీ అంటే పదిహేనేసి నిమిషాల నాలుగు భాగాలు. అందులో కొత్త పిల్లను ఐదు నిమిషాలు పంపి, తడబడితే పిలిచి, పక్కన కూర్చోబెట్టి రెండు ముక్కలు చెప్పి, మళ్ళీ పంపవచ్చు. అనుభవజ్ఞుల వెనక చిన్నవాళ్ళను తయారు చేయడానికి ఇంతకంటే అనువైన ఆట మరొకటి ఉందా అని మాకు సందేహం. క్రికెట్టు అభిమానులు క్షమించాలి. అన్నట్టు, క్రికెట్టు ప్రసక్తి వచ్చింది కాబట్టి ఒక మాట. ఈ దేశపు హాకీ టీములో ఆడిన ఎలీనా టైస్ 2011లో, పదమూడేళ్ళ వయసులో, ఐర్లండు పెద్దల క్రికెట్టు టీములో ఆడింది. పదమూడేళ్ళు! మన ఇళ్ళలో ఆ వయసు పిల్లను ఒంటరిగా బస్సు ఎక్కించడానికి కూడా సందేహిస్తాము.

నియమాలు ఇంత ఉదారంగా ఉన్నా వాటి ప్రయోజనం అందనివారు ఒకరున్నారు. గోల్‌కీపర్. ఆమెను ఐదు నిమిషాలకొకసారి మార్చరు. మొదటి గోల్‌కీపర్ ఆడినంతకాలం రెండో గోల్‌కీపర్ బెంచీ మీదే. ఒలింపిక్స్‌లో మ్యాచ్‌కు పదహారుమందికే చోటు. కనుక చాలా దేశాలు ఒక్క గోల్‌కీపర్‌ను మాత్రమే టీములో వేసుకుని, రెండో ఆమెను అదనపు ఆటగత్తెగా వెంట తీసుకువెళతాయి. ఇక్కడ మనవాళ్ళ అమ్మాయి ఒకామె కథ చెప్పక తప్పదు.

2018 ఆగస్టు 2, లండన్. ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. ఒక వైపు భారతదేశం, మరొక వైపు ఐర్లండు. మనలో చాలామందికి ఆ సాయంత్రం గుర్తుండే ఉంటుంది. టీవీ ముందు కూర్చున్నాము కాని చప్పట్లు ఎవరికి కొట్టాలో తెలియలేదు. పెద్దవాళ్ళం ఇటు, పిల్లలు అటు. అరవై నిమిషాలూ ఒక్క గోలు లేదు. షూటౌట్‌లో ఐర్లండు 3-1తో గెలిచింది. ప్రపంచంలో పదహారో స్థానంలో ఉండి వచ్చిన జట్టు అది. ఆ తరువాత స్పెయిన్‌ను కూడా షూటౌట్‌లో ఓడించి ఫైనల్ చేరి, నెదర్లాండ్స్ చేతిలో 0-6తో ఓడి, రజత పతకంతో తిరిగివచ్చింది. ఆ టోర్నీలో ఉత్తమ గోల్‌కీపర్ ఐర్లండు అమ్మాయి అయీషా మెక్‌ఫెరన్.

ఆ సాయంత్రం అందరూ ఇద్దరు గోల్‌కీపర్లను చూశారు. ఇటు సవితా పునియా, అటు మెక్‌ఫెరన్. మేము ఇప్పుడు చెప్పేది బెంచీల మీద ఉన్న మరి ఇద్దరి గురించి. భారత జట్టు బెంచీ మీద ఉన్నది ఎతిమరపు రజని, చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన తెలుగమ్మాయి. ఐర్లండు వైపు గ్రేస్ ఓఫ్లనగన్. చిత్రమేమిటంటే వీరిద్దరూ పెద్దల వెనక నిలబడిన చిన్నవాళ్ళు కారు. సవిత, రజని ఇద్దరూ పుట్టింది 1990లోనే. ఇక ఓఫ్లనగన్ అయితే, ఇరవై రెండేళ్ళ మెక్‌ఫెరన్ కంటే వయసులో పెద్దది. వరుసలో ముందున్నవారు వెనకున్నవారికంటే పెద్దవారై ఉండాలనే నియమం లేదు. వెనక నిలబడడం అనేది వయసుకు సంబంధించిన సంగతి కాదు, తలుపు ఒక్కటే ఉండడానికి సంబంధించిన సంగతి.

రజని ఆ తలుపు దగ్గర ఎన్నేళ్ళు నిలబడిందో చూడండి. 2016లో భారత మహిళల జట్టు ముప్ఫయ్యారేళ్ళ తరువాత ఒలింపిక్స్ ఆడింది, రియోలో. గోలులో సవిత. 2021లో టోక్యో. మళ్ళీ సవితే. రెండుసార్లూ రజని అదనపు గోల్‌కీపర్. టోక్యోలో మన జట్టు ఐర్లండును 1-0తో ఓడించింది, యాభై ఏడో నిమిషంలో నవనీత్ కౌర్ గోలు కొట్టింది. ఆ గెలుపే క్వార్టర్ ఫైనల్‌కు దారి తీసింది, అక్కడ ఆస్ట్రేలియా ఓడిపోయింది. సవిత తరువాత వరుసగా మూడేళ్ళు ప్రపంచ ఉత్తమ గోల్‌కీపర్ అయింది. అటువంటి మనిషి ముందుంటే వెనకున్నవారిని తప్పు పట్టడానికి ఏముంది, ముందున్నవారిని తప్పు పట్టడానికి మాత్రం ఏముంది? పైగా 2022 ప్రపంచకప్‌కు వెనకనుంచి ఇంకొక చిన్నపిల్ల, బిచ్చూదేవి, వచ్చి రెండో స్థానం తీసుకుంది.

మనమైతే ఏమనేవాళ్ళం? "ఇంకెందుకమ్మా, ఏదైనా ఉద్యోగం చూసుకో" అనేవాళ్ళం. ఆమె మానలేదు. 2018 ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన జట్టులో ఉంది, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులోనూ ఉంది. ఐదుగురితో ఆడే హాకీ ఒకటి వచ్చింది. అందులో 2022లో లాసాన్ టోర్నీకీ, 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన మొదటి ప్రపంచకప్‌కూ భారత జట్టు నాయకురాలు రజనియే. మస్కట్‌లో ఫైనల్ దాకా తీసుకువెళ్ళి నెదర్లాండ్స్ చేతిలో ఓడి, రజతంతో వచ్చింది. ఈ కథను ఓర్పుకు ఫలితం అని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం సులభం. మాకు అలా చెప్పాలని లేదు. పన్నెండు పదమూడేళ్ళు ఒకరి వెనక నిలబెట్టి, పెద్ద పోటీలో తగినన్ని నిమిషాలు ఇవ్వకపోవడం ఆటకు కూడా నష్టమే. పురుషుల జట్టు ఈ విషయంలో కొంత తెలివిగా ప్రవర్తించిందని మా అభిప్రాయం. శ్రీజేష్ కూడా 2006లో అడుగుపెట్టి, అనుభవజ్ఞుల వెనక చాలాకాలం కూర్చున్నవాడే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జట్టు నాయకుడు భరత్ ఛెత్రీ కూడా గోల్‌కీపరే. తరువాత శ్రీజేష్ పెద్దవాడయ్యాక, అనేక పోటీల్లో ఒక భాగం ఆయన, ఒక భాగం కృష్ణ బహదూర్ పాఠక్, ఇలా పంచి ఆడించారు. 2024లో పారిస్ కాంస్యంతో శ్రీజేష్ తప్పుకున్ననాడు పాఠక్ కొత్తవాడు కాడు.

ఇక ఐర్లండు సంగతి. ఈ దేశపు రజత పతక విజేతలు టోక్యోకు వెళ్ళడమే ఒక పరీక్ష అయింది. 2019 నవంబరులో, మన డబ్లిన్‌లోనే, డానీబ్రూక్‌లో, కెనడాతో రెండు మ్యాచ్‌లు. రెండూ 0-0. షూటౌట్‌లో వెనకబడి, తేరుకుని, చివరికి 4-3. ఆఖరి గోలు కొట్టిన రోషిన్ అప్టన్ మణికట్టు అప్పటికే విరిగి ఉంది. ఆ రాత్రి వానలో అక్కడ నిలబడినవారు మాలోనూ ఉన్నారు. మరునాడు జలుబుతో ఉద్యోగాలకు వెళ్ళారు.

మహిళల హాకీలో ఐర్లండుకు అదే మొదటి ఒలింపిక్స్. కాని టోక్యో అయిపోగానే తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. 316 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన షర్లీ మెకే తప్పుకుంది. క్లోయి వాట్కిన్స్, మరికొందరు తప్పుకున్నారు. వారి చోట్లలో కొత్తపిల్లలు వచ్చారు. మంచి పిల్లలే. అయినా 2024 జనవరిలో వాలెన్సియాలో, పారిస్‌కు మిగిలిన ఒక్క చోటు కోసం గ్రేట్ బ్రిటన్‌తో ఆడి 1-2తో ఓడిపోయారు. ఆ ఓటమికి కారణం ఇదొక్కటే అని మేము అనము. గ్రేట్ బ్రిటన్ మామూలు జట్టు కాదు. అయితే మూడు వందల మ్యాచ్‌ల జ్ఞాపకం ఒక్కరోజున మైదానం దాటి వెళ్ళిపోతే, పక్కన నిలబడి అరిచే గొంతు ఉండదు. పిల్లలు తమంతట తాము నేర్చుకోవాలి, అదీ ప్రపంచం చూస్తుండగా. పెద్దవాళ్ళు ఉండగానే చిన్నవాళ్ళు ఆడాలి, చిన్నవాళ్ళు ఆడుతుండగానే పెద్దవాళ్ళు కొంచెం కొంచెంగా తగ్గాలి. మాట తేలికే. ఆచరణలో ఎవరికీ తగ్గాలని ఉండదు. (ఈ మైకు దగ్గర కూడా అంతే. గత కొన్నేళ్ళ సంచికలు తిరగేస్తే ప్రసంగాల కింద అవే పేర్లు కనిపిస్తాయి. మా పేర్లు కూడా.)

మన ఇళ్ళకు వద్దాము. మన పిల్లలు పది పదకొండేళ్ళప్పుడు ఉత్సాహంగా చేరుతున్నారు. పద్నాలుగు, పదిహేను వచ్చేసరికి మానేస్తున్నారు. జూనియర్ సర్ట్, తరువాత లీవింగ్ సర్ట్, గ్రైండ్స్, ఇవన్నీ కారణాలుగా చెబుతాము. ఐరిష్ పిల్లలూ ఆ వయసులో మానేస్తారు, కాదనము. మన పిల్లలు ఇంకొక కారణం చేత కూడా మానేస్తున్నారని మా అనుభవం. ఇంట్లో ప్రతి శనివారం అడిగే ప్రశ్న, "ఏ టీము? ఇంకా థర్డ్స్‌లోనేనా?" అది రెండేళ్ళు వింటే ఎవరికైనా స్టిక్కు బరువవుతుంది.

ఆ ప్రశ్న మార్చి చూశాము. "ఈరోజు ఎన్ని నిమిషాలు ఆడావు? నీ పక్కన ఎవరు నిలబడ్డారు?" ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఉంటే టీము అంకెను పట్టించుకోనక్కర్లేదు. జవాబు లేకపోతే పట్టించుకోవాలి. మా పిల్లల్లో ఒకతెను ఒక క్లబ్బులో గొప్పగా పై టీములో వేశారు. మేమంతా సంబరపడ్డాము, మిఠాయి పంచాము. సీజనులో సగం అయ్యేసరికి లెక్క చూస్తే, పిల్ల మ్యాచ్‌కు నాలుగైదు నిమిషాలు కూడా ఆడలేదు. మిగతా కాలమంతా దుప్పటి కప్పుకుని బెంచీ మీద. గొడవ పెట్టుకోలేదు. పిల్లే వెళ్ళి కోచ్‌ను అడిగింది, నన్ను కింది టీముకు పంపండి, అక్కడ పూర్తి ఆట ఆడతాను, పైవాళ్ళకు అవసరమైనప్పుడు పిలవండి, అని. ఆ మాట తనంతట తాను అడిగినందుకు మాకు మిఠాయి పంచిన రోజుకంటే ఎక్కువ సంతోషం కలిగింది. వసంతానికి రెండు టీములకూ ఆడుతోంది.

ఇంకొక విషయం, సున్నితమైనది. మ్యాచ్ అయ్యాక ఇక్కడ ఆతిథ్య జట్టు ప్రత్యర్థులకు టీ, తిండి పెడుతుంది. మనవాళ్ళు చాలామంది ఆట ముగిసిన మరుక్షణం పిల్లను కారెక్కించి తెలుగు క్లాసుకో సంగీతం క్లాసుకో పరుగెత్తిస్తారు. మేమూ అదే చేసేవాళ్ళం. కాని పెద్దావిడలు పిల్లలకు అసలు ముచ్చట్లు చెప్పేది ఆ టీ బల్ల దగ్గరే. ఇందాక నువ్వు అక్కడ నిలబడవలసింది, నేనూ నీ వయసులో అలాగే చేశాను, అంటూ ఉప్పు సీసానూ మిరియాల సీసానూ బల్ల మీద జరిపి చూపిస్తారు. ఒక అరగంట వదలండి. క్లాసు మాస్టారితో మేము మాట్లాడాము, శనివారం పాఠం మధ్యాహ్నం మూడుకు మార్చడానికి ఆయన ఒప్పుకున్నారు. ఒకసారి మా ఇంటివాళ్ళు పులిహోర తీసుకువెళితే ప్రత్యర్థి గోల్‌కీపర్ రెండోసారి వడ్డించుకుంది. ఆమె వయసు యాభై రెండు. ఆ రోజు మూడు గోళ్ళు ఆపింది.

గట్టున నిలబడే తండ్రులకు ఒక మనవి. పిల్ల చెవిలో అప్పటికే ఒక గొంతు ఉంది, పక్కన ఆడుతున్న పెద్దావిడది. మనం గట్టు మీదనుంచి తెలుగులో "కొట్టు, కొట్టు" అని అరిస్తే ఆ గొంతు వినపడదు. పైగా కొట్టవలసిన సమయం అది అయి ఉండదు, మనకు ఆట తెలియదు కనుక.

వచ్చే సీజనుకు క్లబ్బుల్లో సాధన ఆగస్టు చివర మొదలవుతుంది. గోల్‌కీపర్ కావాలనుకునే పిల్లలు భయపడనక్కర్లేదు. ఆ ప్యాడ్లు, హెల్మెట్టు చాలా ఖరీదు, కాని మేము తిరిగిన క్లబ్బులు మొదట తమవే వాడుకోనిచ్చాయి. వాసన మాత్రం భరించాలి. మౌత్‌గార్డు, షిన్‌ప్యాడ్లు మాత్రం సొంతం ఉండాలి. పిల్లలు పెరిగిపోయి మిగిలిన షిన్‌ప్యాడ్లు మా దగ్గర నాలుగు జతలున్నాయి, చిన్న స్టిక్కులు రెండు. భోజనాల దగ్గర కనిపించండి, ఇస్తాము. కార్లో చోటు కావలసినవారు కూడా అప్పుడే చెబితే శనివారాల పట్టీ వేసుకుందాము.